"మా వీధిలో ఏముందండీ చూడ్డానికి?" అనేవాళ్ళ కోసం

"మా ఊళ్ళో చూడ్డానికి ఏముందండీ? ఒక బస్టాండు, రెండు సెంటర్లు, నాలుగు విగ్రహాలు." ఈ మాట నేను విని విని ఉన్నాను. పల్లెటూరి వాళ్ళే అంటారనుకోకండి. హైదరాబాదు వాళ్ళదీ ఇదే పాట: "మక్తా వీధుల్లో గోడబొమ్మలు చూసేశాం, ఇంకెక్కడున్నాయి?" ఇంకెక్కడేంటి, పాల ప్యాకెట్టు కోసం వెళ్ళే దారిలోనే ఉన్నాయి. మన వీధిలోనే ఉన్న కళని ఎలా వెతుక్కోవాలో ఒక్కొక్కరికీ విడిగా చెప్పలేక అంతా ఒకచోట వరసగా రాసేస్తున్నాను. నేను తెనాలి వైపు వాణ్ణి, కాబట్టి ఉదాహరణలు కొంచెం అటే మొగ్గుతాయి. మీ ఊరికి తగ్గట్టు సర్దుకోండి.

కళ అంటే ఏమిటన్న చర్చ ఇక్కడ పెట్టను. పని జరగడానికి ఒక్క కొలత చాలు: అవసరం తీరాక కూడా చెయ్యి ఆగలేదా? గేటుకి ఊచలుంటే చాలు, పశువు లోపలికి రాదు. ఆ ఊచల మధ్య పొద్దుపొడుపు కిరణాల్లా ఇనుము వంచి అతికించారంటే, అక్కడ ఎవరో ఆగలేదు. "కిరాణా" అని రాస్తే కొట్టు తెలుస్తుంది. ఆ అక్షరాలకి నీలం నీడ దించారంటే, అక్కడా ఎవరో ఆగలేదు. మీరు వెతకాల్సింది ఆ ఆగని చోటుని.

కావలసినవి

- ఒక గంట. పొద్దున్న ఆరున్నర నుంచి ఎనిమిది లోపు, లేదా సాయంత్రం నాలుగున్నర దాటాక. మిట్టమధ్యాహ్నం వద్దు. ఎండ నడినెత్తిన ఉంటే చెక్కడాలన్నీ చదునుగా కనిపిస్తాయి.
- ఫోను. కెమెరా కోసం, టార్చి కోసం.
- చిన్న నోటుబుక్కు, పెన్సిలు. పెన్సిలే ఎందుకంటే మధ్యలో బొమ్మ గీయాల్సి వస్తుంది, చెరపాల్సి వస్తుంది.
- చేతిలో ఇమిడే అద్దం ముక్క. దేనికో ఆరో మెట్టులో చెబుతాను.
- టీ డబ్బులు. సమాచారమంతా టీ కొట్టు దగ్గరే ఉంటుంది.

పెద్ద కెమెరా తీసుకెళ్ళొద్దు. మెడలో కెమెరా, చేతిలో పుస్తకం కనిపిస్తే "రోడ్డు వెడల్పు సర్వేకి వచ్చారా?" అని వీధి వీధంతా పోగవుతుంది. నాకు రెండుసార్లు జరిగింది. రెండోసారి ఒకాయన వాళ్ళ మెట్లు మాత్రం కొలవొద్దని బతిమాలాడు.

మెట్టు 1: ఒక్క వీధిని ఎంచుకోండి

ఊరంతా కాదు. నాలుగు వందల మీటర్లు, అంతే. గుడికీ పాత బజారుకీ మధ్య వీధి అయితే మంచిది. స్టేషన్ రోడ్డు అయినా పర్వాలేదు. అపార్టుమెంట్ల మధ్య ఉండేవాళ్ళు గేటు దాటి, అపార్టుమెంటు రాకముందు నుంచీ ఉన్న కొట్ల వరస ఎక్కడుందో చూసుకోండి. తప్పకుండా ఉంటుంది.

మొదటి విడత ఫోను జేబులోంచి తీయకుండా ఆ చివరి దాకా నడవండి. ఇది కష్టం, నాకు తెలుసు. కానీ ఫోటో తీసిన మరుక్షణం మనం ఆ వస్తువుని చూడటం మానేస్తాం. తిరిగొచ్చేటప్పుడు రోడ్డుకి రెండో పక్కన నడుస్తూ అప్పుడు తీయండి.

మెట్టు 2: షట్టర్ల పైకి చూడండి

కింది అంతస్తు ఎప్పటికప్పుడు మారిపోతుంటుంది. ఇవాళ సెల్ ఫోన్ల కొట్టు, రేపు బిర్యానీ పాయింటు. పైఅంతస్తు జోలికి మాత్రం ఎవరూ పోరు. కాబట్టి ఫ్లెక్సీ ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి చూడటం మొదలుపెట్టండి. పిట్టగోడ మధ్యలో సిమెంటుతో చేసిన గజలక్ష్మో, ఎదురెదురుగా కూర్చున్న సింహాలో, చిలకల జతో ఉండొచ్చు. దాని కింద ఇల్లు కట్టిన ఏడాది, ఒక్కోసారి యజమాని పేరు. తరువాత కిటికీ గ్రిల్లు, మెట్ల పక్క కటకటాలు, గాలికోసం వదిలిన జాలీ కన్నాలు. ఒకే వీధిలో ఒకే గ్రిల్లు డిజైను నాలుగిళ్ళకి కనిపిస్తే, ఆ నాలుగిళ్ళకీ పని చేసిన ఇనుప కొట్టు ఒకటే కావచ్చు. రాసుకోండి.

ఏడాది చదివేటప్పుడు జాగ్రత్త. హైదరాబాదు పాత కట్టడాల మీద 1340లు, 1350లు కనిపిస్తే కంగారు పడొద్దు, అవి హిజ్రీ (ముస్లిం పంచాంగం) గానీ ఫసలీ (నిజాం సర్కారు వాడిన పంటల ఏడాది లెక్క) గానీ అయి ఉంటాయి. ఫసలీ అయితే 590 కలిపితే దాదాపు మన లెక్కకి వస్తుంది. అదే 1355ని హిజ్రీగా తీసుకుంటే 1936, ఫసలీగా తీసుకుంటే 1945. తొమ్మిదేళ్ళ తేడా. ఏ లెక్కో తేలకపోతే ఉన్నది ఉన్నట్టు రాసి వదిలేయండి. కోస్తాలో ఇంకో చిక్కుంది: "విరోధి నామ సంవత్సరం" అని మాత్రమే చెక్కి ఉంటుంది. అది అరవై ఏళ్ళకొకసారి తిరిగొస్తుంది. 1949లోనూ విరోధే, 2009లోనూ విరోధే. పక్కన ఉన్న గ్రిల్లు, గచ్చు చూస్తే ఏదో తేలిపోతుంది లెండి.

హైదరాబాదులో ఈ మెట్టుని సాధన చేయాలంటే 1935 నాటి మొజంజాహీ మార్కెట్టుకి వెళ్ళండి. అక్కడ ఐస్‌క్రీమ్ తింటూ చూసేవాళ్ళే ఎక్కువ, తల ఎత్తి రాతి కమానులు చూసేవాళ్ళు తక్కువ. 1916లో కట్టిన కాచిగూడ స్టేషను ముఖభాగం కూడా మంచి పాఠమే, కాకపోతే రైలు అందుకునే రోజు కాకుండా ఇంకో రోజు వెళ్ళండి.

మెట్టు 3: చేత్తో రాసిన బోర్డుని పట్టుకోండి

ఈ మెట్టు దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మన ఊళ్ళలో ముందుగా కనుమరుగైపోతున్నది ఇదే. ఫ్లెక్సీ మిషన్లు వచ్చాక బోర్డులు రాసే ఆర్టిస్టుల్లో చాలామంది బ్రష్షు పక్కన పెట్టేశారు. మిగిలిన బోర్డులు ఇంకా గోడలకున్నాయి.

ముందు, అది చేతిరాతో కంప్యూటరు రాతో తేల్చుకోవాలి. తేలిక మార్గం: బోర్డు మీద రెండుసార్లు వచ్చిన అక్షరం ఒకటి వెతకండి. "శ్రీ రామ రైస్ & జనరల్ స్టోర్స్"లో "ర" కావచ్చు, "స" కావచ్చు. రెండూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటే మిషను. రెండో దాని పొట్ట కాస్త పెద్దదైనా, కొస కాస్త ఎక్కువ లేచినా, చెయ్యి. పక్కనుంచి చూస్తే ఎనామిల్ రంగు అంచు దగ్గర సన్నటి గట్టులా ఉబ్బి ఉంటుంది. స్టిక్కరు అక్షరమైతే మూల లేచిపోయి కనిపిస్తుంది.

చేతిరాతే అని తేలాక ఈ నాలుగూ చూడండి.

తలకట్టు. తెలుగు అక్షరం నెత్తిమీది ఆ చిన్న గీతలోనే ఆర్టిస్టు ఎవరో తెలిసిపోతుంది. ఒకరు దాన్ని కొడవలిలా వంచుతారు, ఒకరు పక్షి ముక్కులా కోస్తారు, ఇంకొకరు ఒక్క విసురులో వేసి వదిలేస్తారు. ఒక వీధిలో నాలుగు బోర్డుల తలకట్లు పోల్చి చూస్తే ఎన్ని చేతులు పనిచేశాయో లెక్క తేలుతుంది.

నీడ. అక్షరాల నీడలన్నీ ఒకే పక్కకి, సాధారణంగా కుడి కిందికి, పడాలి. ఒత్తుల దగ్గర చూడండి. పైఅక్షరం నీడ ఒత్తు మీద పడే చోట చెయ్యి తడబడిందా, తెలివిగా తప్పించుకుందా?

గీత. అక్షరాలు వరసగా నిలవడానికి సుద్ద పూసిన దారాన్ని రెండు కొసలా లాగిపట్టి మధ్యలో మీటి వదులుతారు. సన్నటి గీత పడుతుంది. రంగు ఆరాక తుడిచేస్తారు, కానీ కొన్ని బోర్డుల మీద ఆ గీత అలాగే ఉండిపోతుంది. దొరికితే అదృష్టం.

సంతకం. బోర్డు కింది మూలన, ఎక్కువగా కుడివైపు, వేలెడంత అక్షరాల్లో "ఫలానా ఆర్ట్స్" అని ఉంటుంది. పక్కన ఫోను నంబరు. చాలామంది ఏళ్ళ తరబడి ఆ బోర్డు కింద నిలబడి సరుకులు కొని కూడా ఆ పేరు చదివి ఉండరు.

మా కాలవ గట్టు మీద ఒక సైకిల్ రిపేరు కొట్టుంది. రేకు బోర్డు, పసుపు నేల, ఎర్ర అక్షరాలు. "సైకిల్"లో "సై" కింద ఉండే ఐత్వం కొక్కేన్ని ఆ ఆర్టిస్టు అక్కడితో ఆపలేదు. దాన్ని సాగదీసి, మాటంతటి కిందా గీతలా లాక్కెళ్ళి, చివర "ల్" దగ్గర చిన్న చక్రంలా చుట్టాడు. చక్రానికి ఆకులు (స్పోకులు) కూడా వేశాడు, లెక్కపెడితే ఎనిమిది. టైరు పంచరు పడి అరగంట ఆ కొట్టు ముందు కూర్చుంటే తప్ప నాకది కనబడలేదు. అంతకుముందు ఎన్ని వందలసార్లు ఆ దారిన పోయానో.

బోర్డు వయసు రంగు వెలిసినదాన్ని బట్టి చెప్పొద్దు. నేను ఒకసారి ఇలాగే ఒక బోర్డు ఫోటో కింద "నలభై ఏళ్ళ నాటిది" అని గొప్పగా రాసి నలుగురికీ పంపాను. ఆ బోర్డు రాసినాయనకే అది చేరింది. "నాలుగేళ్ళు కూడా కాలేదండీ, పడమర గోడ, ఎరుపు నిలవదు" అన్నాడు. అప్పటి నుంచి బోర్డు మీది మాటల్లోనే ఆనవాళ్ళు వెతుకుతున్నాను. పిన్‌కోడు ఉంటే 1972 తరువాతది, ఎందుకంటే ఆ ఏడాది ఆగస్టులోనే అది మొదలైంది. తెలంగాణ ఊళ్ళో "ఆం.ప్ర." అని ఉంటే 2014 జూన్‌కి ముందుది. జీఎస్టీ నంబరుంటే 2017 జూలై తరువాతది. "బాపట్ల జిల్లా" అని ఉంటే 2022 ఏప్రిల్ తరువాతది. అయిదారంకెల ఫోను నంబరు మాత్రమే ఉంటే ఆ బోర్డుకి నిలబడి దణ్ణం పెట్టండి. ఒక్కటి మాత్రం మర్చిపోకండి, నంబరు తరువాత చేర్చి ఉండొచ్చు. మిగతా రంగుతో పోల్చి చూడండి.

మెట్టు 4: నేల చూపులు చూడండి

ముగ్గుకి పొద్దున్న ఏడు దాటితే ఆలస్యమే. స్కూటర్లు తిరిగేస్తాయి. ధనుర్మాసంలో, అంటే డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా, వెళ్తే పని తేలిక. మిగతా రోజుల్లో శుక్రవారం చూడండి.

ముందు చుక్కలు లెక్కపెట్టండి. మధ్య వరసలో ఎన్ని, చివర ఎన్ని, సరి చుక్కా (చుక్క కిందే చుక్క) సందు చుక్కా (పై వరస చుక్కల సందుల్లో పెట్టేది). "15 చుక్కలు, సందు చుక్క 8 వచ్చే వరకు" అని రాసుకుంటే చాలు, ఆ ముగ్గుని ఇంటికెళ్ళి మళ్ళీ వేయొచ్చు. ఫోటో కన్నా ఈ ఒక్క వాక్యం పదిలం. మెలికల ముగ్గైతే ఒక చోట చూపు ఆనించి గీత వెంబడి వెళ్ళండి. ఎక్కడా తెగకుండా బయల్దేరిన చోటికే వస్తే మొత్తం ఒకే గీత అన్నమాట. రాకపోతే ఎన్ని గీతలో లెక్కపెట్టండి. వేసినావిడ ఎక్కడ మొదలుపెట్టిందో కూడా కొంచెం చూస్తే తెలుస్తుంది. పిండి మొదట లావుగా పడి, వేళ్ళలో అయిపోవస్తుంటే సన్నబడుతుంది.

గొట్టంతో దొర్లించిన ముగ్గు, గడప మీద అంటించిన స్టిక్కరు: ఇవి వదిలేయండి, గొట్టపు ముగ్గులో ఒకే పువ్వు ఒకే దూరంలో వస్తూనే ఉంటుంది. ఎనామిల్ రంగుతో సిమెంటు మీద శాశ్వతంగా వేసిన ముగ్గుని మాత్రం చిన్నచూపు చూడొద్దు. కొందరు ముక్కు చిట్లిస్తారు, నేను ఒప్పుకోను. అదీ చెయ్యే.

కనుమ నాడు రథం ముగ్గు ఉన్న వీధి దొరికితే రథాన్ని కాదు, దాని తాడుని చూడండి. అది గీతగా సాగి పక్కింటి రథాన్ని అందుకుంటుంది, అక్కడి నుంచి ఆ పక్కింటిదాన్ని. ఎక్కడ ఆగిందో అక్కడ ఒక కథ ఉంటుంది. అడగొద్దు.

తెలంగాణలో ఉన్నవాళ్ళకి ఇదే పని బతుకమ్మ తొమ్మిది రోజుల్లో. తంగేడు, గునుగు వరసలు ఎన్ని, గునుగుకి రంగు అద్దారా, పై గుమ్మడి పువ్వు ఎలా నిలిచింది. చెరువుకి బయల్దేరక ముందే చూసుకోవాలి మరి.

హెచ్చరిక: ముగ్గు వేస్తున్న మనిషిని అడక్కుండా ఫోటో తీయకండి. ముగ్గుని తీయడం వేరు, వంగుని ఉన్న ఆవిడని తీయడం వేరు. "అమ్మా, ముగ్గు బాగుంది, ఫోటో తీసుకోవచ్చా?" అంటే పక్కకి జరిగి నిలబడతారు, అంతే. మగవాళ్ళకి ఇది మరీ చెబుతున్నాను.

మెట్టు 5: సెంటర్లో విగ్రహం చుట్టూ ఒక ప్రదక్షిణ

విగ్రహాన్ని మనం ఎప్పుడూ ముందునుంచే, అదీ ఆటోలోంచే చూస్తాం. చుట్టూ తిరగండి. ముఖం దగ్గర ఎవరైనా కష్టపడతారు, దండ పడేది అక్కడే కదా. పనితనం బయటపడేది వేళ్ళ దగ్గర, పంచె కుచ్చిళ్ళ దగ్గర, చెప్పుల దగ్గర, వీపు దగ్గర. దిమ్మె మీద ఆకుపచ్చ చారలు కారి ఉంటే కంచో ఇత్తడో. పొరలుగా రంగు ఊడుతుంటే సిమెంటు. పక్కల నిలువుగా అతుకు గీత కనిపిస్తే ఫైబరు. దిమ్మె మీద దాత పేరు, ఆవిష్కరించిన నాయకుడి పేరు పెద్దగా ఉంటాయి. శిల్పి పేరు ఉందేమో వెనకా కిందా వెతకండి. ఊళ్ళలో నిలబడ్డ నాయకుల విగ్రహాల్లో మా తెనాలి శిల్పుల చేతిలో పుట్టినవి చాలా ఉన్నాయి, ఇనుప తుక్కుతో చేసిన బొమ్మలు కూడా ఇక్కడి నుంచి బయటి ఊళ్ళకి వెళ్ళాయి.

అంబేడ్కర్ విగ్రహంతో మొదలుపెట్టమంటాను, ఎందుకంటే లేని ఊరు అరుదు, పోల్చడానికి వీలు. నీలం కోటు, చేతిలో పుస్తకం, చాచిన వేలు. హైదరాబాదులో 2023లో, విజయవాడలో 2024లో పెట్టిన 125 అడుగుల విగ్రహాలు అందరూ చూశారు. మీ పేటలో ఉన్న ఆరడుగుల సిమెంటు విగ్రహాన్ని చూడండి. ఏటా ఏప్రిల్ 14కి కొత్త రంగు పడుతుంది. రంగు మీద రంగు పేరుకుని కళ్ళ గీత, పెదవుల అంచు మొద్దుబారతాయి. కళ్ళజోడు మాత్రం ప్రతిసారీ ఎవరో నల్ల రంగుతో పట్టుగా దిద్దుతారు. ఆ దిద్దిన చేతిని చూడటమే మీ పని.

హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద ముప్పైకి పైగా విగ్రహాలున్నాయి. ఒక్క పూటలో అన్నీ చూసెయ్యాలని పరిగెత్తకండి. ఒక్కదాని దగ్గరే ఇరవై నిమిషాలు ఉండండి.

పనిలో పనిగా ప్రభుత్వ కార్యాలయం బోర్డు మీది చిహ్నం కూడా చూసి వెళ్ళండి. ఆంధ్రప్రదేశ్‌ది అయితే మధ్యలో ఉన్న పూర్ణఘటం అమరావతి శిల్పాల్లోంచి వచ్చింది. తెలంగాణది అయితే 2014లో ఏలె లక్ష్మణ్ గీసిన కాకతీయ తోరణం, చార్మినారు. గోడమీద దాన్ని చేత్తో వేసిన చోట తోరణం మీది హంసలు బాతులైపోతుంటాయి. వాటిని పోగేసే స్నేహితుడొకడు నాకున్నాడు.

మెట్టు 6: ఊరి చివర రాళ్ళు

ఇది పల్లెటూళ్ళలో ఉన్నవాళ్ళకి. చెరువు గట్టున, పాత శివాలయం పక్కన, రావిచెట్టు కింద పసుపు పూసి నిలబెట్టిన రాయి ఉందా? నాగప్రతిమ కాకపోతే అది వీరగల్లు, అంటే పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి, అయి ఉండొచ్చు. పల్నాటి కారంపూడిలో వీరులకి గుడే ఉంది. మిగతా చోట్ల వీరుడు ఇలా చెట్టు కింద, పేరు తెలియకుండా ఉంటాడు.

కింది నుంచి పైకి చదవండి. చాలావాటి మీద బొమ్మలు అంతస్తులుగా ఉంటాయి. కింద పోరు: కత్తి, డాలు, ఒక్కోసారి గుర్రం, ఒక్కోసారి ఆవులు. మధ్యలో వీరుణ్ణి అటూ ఇటూ పట్టుకుని పైకి తీసుకెళ్ళే అప్సరసలు. పైన శివలింగం ముందు కూర్చున్న వీరుడు. అన్నిటికన్నా పైన సూర్యుడు, చంద్రుడు, అవి ఉన్నంత కాలం అతని పేరు ఉండాలని. గాజులతో పైకెత్తిన చెయ్యి మాత్రమే చెక్కి ఉంటే అది సతికి నిలిపిన రాయి.

అరిగిపోయి ఏమీ కనబడకపోతే రాయిలో లోపం లేదు, వెలుతురుదే లోపం. ఎదురుగా పడే వెలుగులో గీత దొరకదు. పక్కనుంచి, రాయిని ఒరుసుకుంటూ వెలుగు పడాలి. పొద్దున్నే వెళ్తే సూర్యుడే చేసిపెడతాడు. రాయి నీడలో ఉంటే ఇందాక చెప్పిన అద్దంతో ఎండని తిప్పి పక్కనుంచి వేయండి. ఫోను టార్చి కూడా పనికొస్తుంది కానీ నీడలోనో మబ్బు పట్టినప్పుడో మాత్రమే.

ఇక్కడ హెచ్చరికలు మూడు, మూడూ ముఖ్యమే. ఒకటి, సున్నం, సుద్ద, విభూతి రాసి అక్షరాలు తేల్చొద్దు. పసుపు గీకొద్దు, నూనె తుడవొద్దు. జనం కొలుచుకునే రాయి అది. రెండు, చీకటి పడ్డాక టార్చితో పాత రాయి చుట్టూ తిరక్కండి. గుప్తనిధుల కోసం తవ్వేవాళ్ళ బెడద చాలా ఊళ్ళలో ఉంది, మిమ్మల్ని కూడా ఆ లెక్కలోనే కడతారు. పగలు వెళ్ళండి, రచ్చబండ దగ్గర పెద్దవాళ్ళకి ముందే చెప్పండి. మూడు, అదే కారణంగా రాయి ఉన్న చోటు మ్యాపుతో సహా నలుగురిలో పెట్టకండి. అక్షరాలు కనిపిస్తే పురావస్తు శాఖకి తెలియజేయండి.

మెట్టు 7: కదిలేవి

లారీ వెనక, ట్రాక్టరు ట్రక్కు పక్కలు, ఐస్‌బండి, సోడా బండి. ఇవి ఆగిన చోటే చూడాలి: ధాబా, తూకం కాటా, మార్కెట్‌యార్డు. విజయవాడ ఆటోనగర్‌లో బాడీలు కట్టే షెడ్ల వైపు వెళ్తే దిష్టిబొమ్మ ముఖం సగం వేసి ఆరబెట్టిన తలుపులు చూడొచ్చు. లోపలికి వెళ్ళేముందు అడగండి. పరిగెడుతున్న లారీని బండి మీద వెంబడించి ఫోటో తీయొద్దు, ఈ మాట రాయాల్సి వస్తోందంటే ఎవరో చేశారనే కదా అర్థం.

మెట్టు 8: అడగండి

బొమ్మ "ఎవరు వేశారు" అంటాం, బోర్డు మాత్రం "ఎవరు రాశారు" అనాలి. ఆ ఒక్క మాటతో మీరు పని తెలిసినవాళ్ళని అర్థమైపోతుంది. మా వైపు పెద్దాయనైతే "బాబాయ్ గారూ", తెలంగాణలో అయితే "అన్నా" అని మొదలుపెట్టండి. మొదటి ప్రశ్న "ఎంతకి రాయించారు?" అని అడిగితే మీరు ఇన్‌కంటాక్సు అయిపోతారు.

మొన్న ఒక మందుల కొట్టు దగ్గర:

"బాబాయ్ గారూ, ఈ బోర్డు ఎవరు రాశారండీ?"

"ఎందుకు, తీసేయాలా?"

"అబ్బే, అక్షరాలు బాగున్నాయని."

ఆయన కౌంటరు దాటి బయటికొచ్చి, తల ఎత్తి, తన బోర్డుని తనే కాసేపు చూశాడు. "మా నాన్న ఉన్నప్పుడు రాయించాం. రాసినాయన రెండ్రోజులు నిచ్చెన మీదే భోంచేశాడు."

అంతకన్నా ఏం కావాలి. అయితే ఒకరు చెప్పినది పూర్తిగా నమ్మి రాసేయొద్దు, పక్క కొట్టులో కూడా అడగండి. "నిజాం కాలం నాటిది", "బ్రిటిష్ వాళ్ళు కట్టింది" అనే మాటలు మన ఊళ్ళలో కొంచెం పాతదైన ప్రతిదానికీ అతుక్కుంటాయి.

మెట్టు 9: అయిదు వరసలు రాయండి

వస్తువుకి అయిదే. ఎక్కడ, ఏమిటి, దేనితో, ఎవరు, చెయ్యి ఎక్కడ ఆగలేదు. నా పుస్తకంలోంచి ఒకటి:

కాలవ గట్టు, రెండో వంతెన దాటాక ఎడమ. సైకిల్ రిపేరు కొట్టు బోర్డు. రేకు మీద ఎనామిల్, పసుపు నేల, ఎరుపు, నీలం నీడ. సంతకం ఉంది, మొదటి అక్షరం చెరిగింది. ఐత్వం సాగి చక్రమైంది, 8 ఆకులు.

"చాలా అందంగా ఉంది" అని రాయకండి. ఏడాది తరువాత చదువుకుంటే ఆ మాటకి ఏమీ గుర్తురాదు.

ఎక్కువమంది చేసే తప్పులు

మొదటి రోజే యాభై ఫోటోలు తీయడం. మూడు వస్తువులు చాలు, నిజంగా. ఒక్కటే దొరికినా చాలు.

పాతదే మంచిదనుకోవడం. నిరుడు వేసిన అంగన్‌వాడీ గోడ మీద "అ అమ్మ, ఆ ఆవు" బొమ్మల్లో ఆవు కళ్ళకి కాటుక పెట్టిన ఆర్టిస్టు ఎవరో మా దగ్గరున్నారు. నేను చూసిన ఆవుల్లో అదే గొప్పది.

మునిసిపాలిటీ వాళ్ళు కాంట్రాక్టుకిచ్చి వేయించిన గోడబొమ్మలే కళ అని, మిగతాది కాదని అనుకోవడం. దీనికి తిరగేసిన తప్పు కూడా ఉంది, కాంట్రాక్టు బొమ్మంటే తీసిపారేయడం. ఫ్లైఓవరు స్తంభాల మీద వరసగా నెమళ్ళు ఉంటే, ఆరో నెమలికో ఏడో నెమలికో విసుగొచ్చి చెయ్యి వేరేగా తిరిగి ఉంటుంది. దాన్ని పట్టుకోండి.

ఫోటో తీసి రంగులు పెంచేయడం. వెలిసిన ఎరుపుని వెలిసినట్టే ఉంచండి.

రైల్వే స్టేషన్లు, డ్యాములు, పోలీసు స్టేషన్ల దగ్గర ఫోటో తీయొద్దన్న బోర్డుని పట్టించుకోకపోవడం. అక్కడ నోటుబుక్కు వాడండి.

సరిగ్గా చూశారో లేదో ఇలా పరీక్షించుకోండి

ఇంటికొచ్చాక ఫోటో చూడకుండా ఆ వస్తువుని పెన్సిలుతో గీయండి. బొమ్మ బాగా రావక్కర్లేదు. గీత ఎక్కడ ఆగిపోతే అక్కడ మీరు చూడలేదన్నమాట. నాకైతే గ్రిల్లుల దగ్గర ఎప్పుడూ ఆగిపోతుంది, ఊచ ఎక్కడ వంగిందో గుర్తుండదు. మర్నాడు వెళ్ళి ఆ ఒక్క చోటే చూసి రండి.

రెండో పరీక్ష, మీ అయిదు వరసలు ఇంట్లో ఇంకొకరికి ఇచ్చి పంపండి, ఫోటో చూపించకుండా. మా అమ్మాయిని అలా ఆ సైకిల్ కొట్టుకి పంపాను. పది నిమిషాల్లో ఫోను చేసింది. "నాన్నా, ఎనిమిది కాదు, తొమ్మిది. ఒకటి మేకు కింద ఉంది."